బంతి లేకుండా నేర్చుకునే స్ట్రోక్

(విశాఖపట్నంలో వేసవి టేబుల్ టెన్నిస్ శిబిరానికి వచ్చిన పిల్లలు, తల్లిదండ్రుల ముందు ఒక శిక్షకుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. పిల్లలూ, మీరు ఇక్కడ కిందే కూర్చోండి. బ్యాట్లు ఒళ్ళో పెట్టుకోండి, నేల మీద కొట్టకండి.

శిబిరం మొదలైన దగ్గర్నుంచి పెద్దవాళ్ళు నన్ను అడుగుతున్న ప్రశ్న ఒక్కటే. మొన్న గాజువాక నుంచి వచ్చే ఒక నాన్నగారు మొహమాటం లేకుండా అడిగేశారు. "ఏటండీ మాస్టారూ, మావాడు వచ్చిన కాడినుంచీ గాల్లోనే చెయ్యి ఊపుతున్నాడు, బంతి ఎప్పుడిస్తారు?" న్యాయమైన ప్రశ్నే. ఈ ఎండల్లో అంత దూరం బస్సెక్కించి తీసుకొస్తున్నారు. తీరా వచ్చి చూస్తే పిల్లలంతా వరసలో నిలబడి ఉత్తి చేతులు ఊపుతుంటే ఎవరికైనా ఇదేం ఆట అనిపిస్తుంది. టేబుళ్ళు తక్కువ, పిల్లలు ఎక్కువ కాబట్టి వంతు వచ్చేదాకా కాలక్షేపానికి చేయిస్తున్నారని అనుకుంటున్నవాళ్ళూ ఉన్నారు. కాదండీ. ఈ హాలు నిండా టేబుళ్ళున్నా నేను ఇదే చేయిస్తాను. దీన్ని షాడో ప్రాక్టీస్ అంటారు. ప్రపంచంలో ఈ ఆట బాగా ఆడే ప్రతి దేశంలోనూ పిల్లలు ఇది చేస్తారు, పెద్ద ఆటగాళ్ళూ మానరు. ఎందుకు చేస్తారో, ఎలా చేస్తే పనికొస్తుందో, ఎలా చేస్తే దండగో చెప్పడానికే ఇవాళ మిమ్మల్ని కూర్చోబెట్టాను.

ముందు ఎందుకో చెప్తాను. స్ట్రోక్ నేర్చుకునే రోజుల్లో బంతి తప్పుడు సాక్ష్యం చెబుతుంది. ఎలాగంటారా? ఒక బాబు కాళ్ళు కట్టేసినట్టు నిలబడి, ఒళ్ళు వెనక్కి వాల్చి, మణికట్టు ఒక్కటే విదిలించి కొట్టాడనుకోండి. బంతి వెళ్ళి అవతలి మూల పడింది. వాడికి సంబరం, బయట బెంచీ మీద అమ్మకి సంబరం. వాడి ఒంటికి అందిన కబురేమిటి? "ఇదే కరెక్టు, మళ్ళీ ఇలాగే కొట్టు." తరవాతి బంతికి అదే బాబు నేను చెప్పినట్టు మోకాళ్ళు వంచి, నడుం తిప్పి చక్కగా కొట్టాడు. కొత్త కదా, అర క్షణం ఆలస్యమైంది. బంతి టేబులు దాటి రెండంగుళాలు బయటపడింది. ఇప్పుడు ఒంటికి అందిన కబురు, "ఇది తప్పు, మానెయ్." చూశారా, మంచి స్ట్రోక్‌కి శిక్ష, చెడ్డ స్ట్రోక్‌కి బహుమతి. పదేళ్ళ పిల్లాడికి బంతి ఎక్కడ పడిందన్నదే కనిపిస్తుంది, తన మోచెయ్యి ఎక్కడుందో కనిపించదు. నేను పక్కన నిలబడి ఎంత అరిచినా ఆ బంతి మాటే వాడు వింటాడు. అందుకని కొన్నాళ్ళు బంతిని పక్కన పెట్టేస్తాం. అప్పుడు వాడు చూసుకోవడానికి తన ఒళ్ళు తప్ప ఇంకేమీ ఉండదు.

మన ఊళ్ళో ఈ అవసరం ఇంకా ఎక్కువ. సముద్రం పక్కన ఊరు, ఉక్కపోత మనకి కొత్త కాదు. వానలు మొదలైతే సాయంత్రం హాల్లో గాలంతా తేమే. ఫ్యాను వేస్తే బంతి పక్కకి కొట్టుకుపోతుంది కాబట్టి ఫ్యాన్లు ఆపేస్తాం. కాసేపటికి రబ్బరు మీద కంటికి కనపడని తడి పొర చేరుతుంది. టాప్‌స్పిన్ అంటే ఏమిటి? రబ్బరుతో బంతిని గీరి ముందుకి తిప్పడం. ఆ రబ్బరే జారితే బంతి తిరగదు, దిగబడి నెట్‌కి తగులుతుంది. ఒకటి తగిలింది, రెండు తగిలాయి. మూడోసారి పిల్లాడు ఏం చేస్తాడు? తెలివైనవాడు కదా, బ్యాటు ముఖం కాస్త తెరిచి, గీరడం మానేసి తట్టడం మొదలుపెడతాడు. బంతి హాయిగా అవతలికి వెళ్తుంది. ఆ నాలుగు నెలలూ వాడు అలా తడుతూనే ఉంటాడు. చలికాలం వచ్చి రబ్బరు మళ్ళీ పట్టు దొరకబుచ్చుకునేసరికి వాడి టాప్‌స్పిన్ పోయి ఉంటుంది. ఎవరూ పాడు చెయ్యలేదు, వాతావరణం పాడు చేసింది. వానాకాలంలో రోజూ ఆటకి ముందు కాసేపు బంతి లేకుండా అసలు స్ట్రోక్ చేసినవాడికి ఈ నష్టం చాలా తగ్గుతుంది, ఎందుకంటే వాడి చేతికి సరైన దారి రోజూ ఒకసారి గుర్తొస్తుంది. అన్నట్టు, రబ్బరు మీద నోటితో ఆవిరి ఊది అరచేత్తో తుడిచే అలవాటు చాలామందికి ఉంది. మన ఉక్కపోతలో అది అసలు వద్దు. పొడిగుడ్డ ఒకటి సంచీలో పెట్టుకోండి, అరచెయ్యి తుడుచుకోవడానికి వేరేది పెట్టుకోండి.

ఇప్పుడు మీకు ఒక సందేహం రావాలి. బంతి లేకుండా ఊపిన చెయ్యి, బంతి వచ్చినప్పుడు కూడా అలాగే ఊగుతుందని నమ్మకం ఏమిటి? ఇక్కడే మన ఆటకి ఒక అదృష్టం ఉంది. టేబుల్ టెన్నిస్ బంతి బరువు 2.7 గ్రాములు. బ్యాటు రెండు వైపులా రబ్బర్లతో కలిపి సుమారు 180 గ్రాములు ఉంటుంది. అదే క్రికెట్ బంతి తీసుకోండి, 160 గ్రాములకి దగ్గరగా ఉంటుంది. అది బ్యాటుకి తగిలితే మోచెయ్యి దాకా అదురు తెలుస్తుంది, బ్యాటు ఊపు మీద దెబ్బ పడుతుంది. మన బంతి తగిలితే బ్యాటు దారి దాదాపు మారదు. అంటే బంతితో ఊపిన ఊపుకీ, బంతి లేకుండా ఊపిన ఊపుకీ చేతి వరకు చూస్తే తేడా అతి స్వల్పం. బంతి లేని సాధన ఇంత బాగా ఒంటబట్టే ఆటలు ఎక్కువ లేవు. అందుకే షాడో చేసేటప్పుడు చేతిలో బ్యాటు ఉండాలి. ఉత్తి చేత్తో చెయ్యకండి. ఆ 180 గ్రాముల బరువు వేళ్ళకి తెలుస్తూ ఉండాలి. బరువైన బ్యాటుతో చేస్తే చెయ్యి గట్టిపడుతుందని ఎవరైనా చెప్తే, ఎదిగే పిల్లలకి మాత్రం వద్దనే నేనంటాను. భుజం మీద భారం పడుతుంది, మణికట్టు వేరే లెక్క నేర్చుకుంటుంది.

ఇంకో లెక్క కూడా చూద్దాం. టేబులు పొడవు 2.74 మీటర్లు. బంతి గంటకి 40 కిలోమీటర్ల వేగంతో వస్తోందనుకోండి, మరీ పెద్ద వేగమేం కాదు. సెకనుకి 11 మీటర్లు. ఈ చివర నుంచి ఆ చివరకి పావు సెకను. కంటితో చూసి ఒళ్ళు కదలడం మొదలవడానికే మనిషికి సుమారు సెకనులో అయిదో వంతు పడుతుంది. మరి మోకాలు వంచాలి, నడుం తిప్పాలి, మోచెయ్యి దూరం చూసుకోవాలి, ఇవన్నీ ఆలోచించడానికి ఇక మిగిలిందెంత? ఏమీ లేదు. ఆట మధ్యలో ఆలోచించగలిగింది ఒక్కటే, బంతి ఎక్కడ వెయ్యాలి అని. మిగతాదంతా ముందే ఒంట్లో ఉండాలి. ఆ ముందు ఎప్పుడంటే, ఇదిగో, ఇలా గాల్లో ఊపుతున్నప్పుడు.

సరే, చేసి చూపిద్దాం. అమ్మా, నువ్వు రా. అదే, పువ్వు బొమ్మ టీషర్టు వేసుకున్న అమ్మాయి. భయం లేదు, ఇక్కడ నిలబడు. అందరికీ పక్క నుంచి కనపడాలి. కుడిచేతి వాటమేనా? మంచిది.

ముందు పాదాలు. భుజాల వెడల్పు కన్నా కాస్త ఎక్కువ ఎడం. కుడి పాదం ఎడమ పాదం కన్నా సగం పాదం వెనక. మోకాళ్ళు కొంచెం వంచు. బరువు మునికాళ్ళ మీద ఉండాలి. మడమలు ఎత్తేసి నిలబడమని కాదు, మడమ కింద ఒక కాగితం దూరిపోయేంత సందు చాలు. పెద్దవాళ్ళూ, మీరు కూర్చున్నచోటే పాదాలు చూసుకోండి, అర్థమవుతుంది. ఒళ్ళు కాస్త ముందుకి. బ్యాటు పొట్టకి ముందు, టేబులు ఎత్తు కన్నా కాస్త పైన. టేబులు ఎత్తు 76 సెంటీమీటర్లు, ఇంట్లో డైనింగ్ టేబులూ దాదాపు అంతే ఉంటుంది, దాన్ని చూసుకుని చెయ్యొచ్చు.

ఇప్పుడు ఫోర్‌హ్యాండ్, అంటే బ్యాటు పట్టిన చేతి వైపు కొట్టే స్ట్రోక్, ఒకటి కొట్టమ్మా, నీకు వచ్చినట్టు. ఊఁ. మళ్ళీ కొట్టు. చూశారా? బ్యాటు వచ్చి నుదుటి ముందు ఆగింది. సెల్యూట్ చక్కగా ఉంది. చిన్నపిల్లలకి మేం మొదట నేర్పేది ఈ సెల్యూటే. కానీ మీరు చేతిని చూడకండి, ఆ టీషర్టు మీద పువ్వుని చూడండి. మళ్ళీ కొట్టమ్మా. పువ్వు కదిలిందా? లేదు. మొదట్నుంచీ చివరిదాకా నా వైపే చూస్తూ ఉంది. అంటే పనంతా మోచెయ్యే చేసింది, నడుం సెలవు పెట్టింది. బంతి ఉంటే ఇది కనపడేది కాదు. బంతి అవతల పడేది, మనం శభాష్ అనేవాళ్ళం.

ఇప్పుడు బ్యాటు కింద పెట్టు. రెండు చేతులూ గుండె మీద అడ్డంగా పెట్టుకుని ఎదుటి భుజాలు పట్టుకో. బరువు కుడి కాలి మీదకి తీసుకెళ్తూ నడుం కుడికి తిప్పు. పువ్వు ఆ కిటికీని చూడాలి. బాగుంది. ఇప్పుడు కుడి పాదంతో నేలని నెట్టు, తుంటి ముందు తిరగనీ, భుజం దాని వెనకే వస్తుంది. పువ్వు మళ్ళీ నా వైపుకి వచ్చింది. ఇదీ ఫోర్‌హ్యాండ్. చెయ్యి ఇంకా ఈ కథలోకి రాలేదు, గమనించండి. ఇలా ఓ పది చేశాక బ్యాటు తీసుకో. చెయ్యిని నువ్వు వెనక్కి లాగకు, నడుం తిరిగితే చెయ్యి దానంతటదే వెనక్కి వెళ్తుంది. వెళ్ళిందా? నేలని నెట్టు, తుంటి, భుజం, చివరికి ముంజెయ్యి. ఆగు! కదలకు.

ఈ ఆగడం చాలా విలువైంది. ఇలా ఆగినప్పుడు ఏం చూసుకోవాలో చెప్తాను. బరువు ఎడమ కాలి మీదకి వచ్చిందా? కుడి మడమ లేచిందా? మోచెయ్యి వంగే ఉందా, బిగుసుకుని తిన్నగా అయిపోయిందా? బ్యాటు నుదుటి ముందు ఉందా, ఎడమ చెవి దాటి వెనక్కి పోయిందా? దాటితే తరవాతి బంతికి వెనక్కి రావడానికి టైము చాలదు. ఆఖరుది అందరూ మరిచిపోయేది, ఎడమ చెయ్యి ఎక్కడుంది? చాలామందికి అది ప్రాణం లేనట్టు వేలాడుతూ ఉంటుంది. అది కూడా పొట్టకి ముందు, వంగి, నడుంతో పాటు తిరగాలి. లేకపోతే తూకం తప్పుతుంది. వెళ్ళమ్మా, కూర్చో. చప్పట్లు కొట్టండి అమ్మాయికి.

బ్యాక్‌హ్యాండ్, అంటే రెండో వైపుకి వచ్చే బంతిని కొట్టే స్ట్రోక్, దాని సంగతి క్లుప్తంగా చెప్తాను, రేపు టేబులు దగ్గర వివరంగా చూద్దాం. మోచెయ్యి ఒంటికి కాస్త ముందు ఉంచండి, ముంజెయ్యి దాని చుట్టూ తిరుగుతుంది, మణికట్టు చివర్న తెరుచుకుంటుంది. మోచెయ్యి పక్కటెముకలకి అంటుకుపోతే బ్యాటు తిరగడానికి చోటుండదు. అద్దం ముందు ఈ ఒక్కటి చూసుకున్నా సగం పని అయినట్టే.

వేగం గురించి. ఇక్కడ కూచిపూడి నేర్చుకునే పిల్లలు ఉన్నారా? చేతులెత్తండి. ఉన్నారు, చాలామందే. మీ గురువుగారు అడుగు ముందు ఏ కాలంలో వేయిస్తారు? ఒకటో కాలంలో, అంటే అన్నిటికన్నా నెమ్మదిగా. అది స్థిరపడ్డాక రెండో కాలం, అది కుదిరాక మూడో కాలం. ఒకటో కాలంలో పాదం తప్పు పడితే మూడో కాలంలో దిద్దుకుంటుందని ఏ గురువూ అనరు. ఇదీ అంతే. మొదట ఎంత నెమ్మదిగా అంటే, ఒక స్ట్రోక్‌కి నోటితో నాలుగు లెక్కపెట్టేంత. ఆపి చూసుకోవడం అక్కడే. తరవాత మామూలు వేగం, అందులో ఆపడం ఉండదు, కొట్టగానే బ్యాటు మళ్ళీ పొట్ట ముందుకి రావాలి. చివరికి ర్యాలీ వేగం, అంటే ఆటలో బంతి ఆగకుండా అటూ ఇటూ తిరిగేటప్పుడు ఉండే వేగం. ర్యాలీ వేగంలో ఆకారం చెదిరిందనుకోండి, సిగ్గుపడక్కర్లేదు, ఒక మెట్టు దిగి మళ్ళీ రెండో కాలంలోకి రండి. పూర్తి బలంతో మాత్రం ఊపకండి. బంతి ఆపదు కదా అని మోచెయ్యిని జాడిస్తే కీలు నొప్పి చేస్తుంది. డెబ్బై శాతం బలం చాలు.

ఇప్పటిదాకా చెప్పింది ఆకారం. ఇందులో ప్రాణం వేరే ఉంది. నేను వరసలో తిరుగుతూ పిల్లల్ని ఉన్నట్టుండి ఆపి అడుగుతుంటాను, "ఇప్పుడు ఏ బంతి కొట్టావు?" అని. చాలామంది బిత్తరపోతారు. బంతి లేదు కదా సార్ అంటారు. లేకపోవడమేమిటి నాన్నా, ఉంది. ఎదురుగా ఒక మనిషి ఉన్నాడు, వాడు పుష్ చేశాడు, అంటే బంతి అడుగుని గీరి మెల్లగా తోశాడు, బంతి వెనక్కి తిరుగుతూ నీ ఫోర్‌హ్యాండ్ మూలకి వచ్చింది, టేబులు మీద పడి లేచింది. అది చూసి నువ్వు కొట్టాలి. పుష్ అయితే నీ బ్యాటు మోకాలి దగ్గర్నుంచి బయల్దేరి పైకి వెళ్ళాలి. అదే వాడు బ్లాక్ చేసిన బంతి, అంటే బ్యాటు అడ్డం పెట్టి తిప్పి పంపిన బంతి అయితే నడుం దగ్గర్నుంచి బయల్దేరి ముందుకి వెళ్ళాలి. రెండు బంతులకీ ఒకటే ఊపు ఊపుతున్నావంటే నువ్వు బంతిని చూడట్లేదు, చెయ్యి మాత్రం ఊపుతున్నావు. అది వ్యాయామం అవుతుందేమో గానీ ఆట కాదు. కళ్ళు కూడా బంతి తగిలేచోటే ఉండాలి, గోడ మీద గడియారం మీద కాదు. ప్రశ్న అడగగానే "ఎడమ మూలకి పడ్డ పొడుగు పుష్, పక్కకి తిరిగి ఫోర్‌హ్యాండ్ కొట్టాను" అని జవాబు చెప్పే పిల్లలు కొందరున్నారు. వాళ్ళు టేబులు దగ్గరికి వెళ్ళాక త్వరగా కుదురుకుంటారు, ఇది నేను ఏళ్ళ తరబడి చూస్తున్న సంగతి.

బంతి ఎప్పుడూ మనం నిలబడ్డ చోటికే రాదు కాబట్టి కాళ్ళు కూడా కలవాలి. ఇంట్లో చెయ్యడానికి తేలిక మార్గం చెప్తాను. టేబులు వెడల్పు 1.525 మీటర్లు. రెండు చెప్పులు మీటరున్నర ఎడంగా నేల మీద పెట్టండి. అదే మీ టేబులు. ఎడమ చెప్పు దగ్గర ఒక బ్యాక్‌హ్యాండ్. అక్కడే పక్కకి జరిగి, ఒళ్ళు తిప్పి, అదే మూల నుంచి ఒక ఫోర్‌హ్యాండ్. వెంటనే కుడి చెప్పు దాకా వెళ్ళి ఇంకో ఫోర్‌హ్యాండ్. మళ్ళీ మొదటికి. దీన్ని ఫాల్కెన్‌బర్గ్ అంటారు. స్వీడన్‌లో అదొక చిన్న ఊరు, సముద్రం పక్కనే. 1971లో నగోయాలో ప్రపంచ ఛాంపియన్ అయిన స్టెల్లాన్ బెంగ్ట్‌సన్ ఆ ఊరివాడు. ఆ ఊరి క్లబ్బు పేరునే ఈ సాధన ప్రపంచమంతా తిరిగింది. ఒక చిన్న ఊరి హాల్లో పిల్లలు పట్టుదలగా చేసిన అడుగులు ఇవాళ మన ఎంవీపీ కాలనీ మేడల మీదా చెయ్యొచ్చు. నాకు ఆ ఆలోచన చాలా ఇష్టం. అడుగు వేసేటప్పుడు రెండు పాదాలూ ఒకదానికొకటి అంటుకోకూడదు, తల పైకీ కిందకీ గెంతకూడదు, రెండు పాదాలూ నేలకి ఆనాకే ముంజెయ్యి వెళ్ళాలి. పరిగెత్తుతూ కొడితే ఊపు పక్కకి పోతుంది.

అద్దం వాడమని చాలామంది చెప్తారు. వాడండి, కానీ ఎదురుగా పెట్టుకోండి. పక్కనున్న అద్దంలో చూసుకోవాలంటే మెడ అటు తిప్పాలి, మెడ తిరిగితే భుజం తిరగదు. మీరు చూద్దామనుకున్నదే చెడిపోతుంది. పక్క నుంచి చూసుకోవాలంటే ఫోను ఉంది. నడుం ఎత్తులో కుర్చీ మీద ఆనించి, స్లో మోషన్‌లో తియ్యండి. అయిదారు స్ట్రోకులు చాలు. తల్లిదండ్రులకి ఒక విన్నపం. ఆ వీడియో చూసి ఒక్కటే చెప్పండి. మోకాలు, మోచెయ్యి, తల, అన్నీ ఒకేసారి చెప్తే పిల్లలు బిగుసుకుపోతారు. ఇవాళ మోకాలు, వారం పోయాక మోచెయ్యి.

షాడో ఏం నేర్పదో కూడా నిజాయితీగా చెప్పాలి. బంతి ఎప్పుడు తగలాలి అన్న టైమింగ్ నేర్పదు. ఎదుటివాడి సర్వీసులో తిప్పుడు చదవడం నేర్పదు. నెట్ దగ్గర పడే పొట్టి బంతిని వేలి కొసలతో వెయ్యడం, ఆ స్పర్శ, అది బంతితోనే వస్తుంది. సర్వీసుకి కూడా బంతి కావాలి. బంతిని తెరిచిన అరచేతిలోంచి కనీసం 16 సెంటీమీటర్లు పైకి వెయ్యాలని రూలు, ఆ ఎగరెయ్యడమే సర్వీసులో సగం. అయితే సర్వీసుకి ఎదురు మనిషి అక్కర్లేదు. ఒక డబ్బా బంతులు, ఖాళీ టేబులు దొరికితే ఒంటరిగా చేసుకోవచ్చు. ఇంకో ప్రమాదం. తప్పు ఊపుని రోజూ గాల్లో ఊపితే ఆ తప్పే గట్టిపడుతుంది. ఎవరూ చూడకుండా నెలల తరబడి షాడో చెయ్యడం కన్నా చెయ్యకపోవడమే మేలు. వారానికి ఒకసారైనా తెలిసినవాళ్ళ కన్ను దాని మీద పడాలి.

ఇప్పుడు ప్రశ్నలు అడగండి. అవునమ్మా, చెప్పండి.

రోజుకి ఎంతసేపు అంటున్నారు. పది నిమిషాలు. నిజంగా అంతే. కానీ రోజూ. ఆదివారం గంటన్నర చేసి మిగతా రోజులు మానేస్తే ఒంటికి అందదు. అలిసిపోయాక ఆకారం చెడుతుంది, చెడిన ఆకారాన్ని పదే పదే చేసినట్టవుతుంది. హోంవర్క్ మధ్యలో లేచి అయిదు నిమిషాలు, రాత్రి అన్నానికి ముందు అయిదు నిమిషాలు చేసినా సరే. అపార్ట్‌మెంట్‌లో కింది ఇంటివాళ్ళకి ఇబ్బంది అయితే మేడ మీదకి వెళ్ళండి, పొద్దున్నే, ఎండ ఎక్కకముందు. వాన పడ్డ మేడ మీద మాత్రం వద్దు, నాచు ఉంటుంది, జారతారు. బూట్లు వేసుకునే చెయ్యాలి, చెప్పులతో అడుగు పడదు.

ఆ వెనక సార్ అడుగుతున్నారు. స్టీల్‌ప్లాంటులో పనిచేస్తారట, రిక్రియేషన్ క్లబ్బులో ఇరవై ఏళ్ళుగా ఆడుతున్నారట, ఈ వయసులో స్ట్రోక్ మారుతుందా అని. మంచి ప్రశ్న అడిగారు సార్. మన పోర్టు, రైల్వే, షిప్‌యార్డు, స్టీల్‌ప్లాంటు క్లబ్బుల్లో ఆడేవాళ్ళు లేకపోతే ఈ ఊళ్ళో ఈ ఆట ఇంతమందికి తెలిసేది కాదు. మారుతుంది సార్. ఈ ఆటలో పెద్ద పెద్దవాళ్ళే ఎన్నోసార్లు మార్చుకోవాల్సి వచ్చింది. 1952లో బొంబాయిలో ప్రపంచ పోటీలు జరిగితే జపాన్ నుంచి హిరోజి సతో అనే ఆటగాడు మందపాటి స్పాంజి అంటించిన బ్యాటుతో వచ్చి టైటిల్ పట్టుకుపోయాడు. బంతి తగిలిన చప్పుడు కూడా సరిగ్గా వినపడక ఎదుటివాళ్ళు తడబడ్డారు. అప్పట్నుంచి ప్రపంచం స్ట్రోకే మారింది. 2000లో బంతి 38 నుంచి 40 మిల్లీమీటర్లయింది. 2008లో స్పీడ్ గ్లూ, అంటే బంతి వేగం పెరగడానికి రబ్బరు కింద పూసే జిగురు, నిషేధించారు. 2014లో సెల్యులాయిడ్ పోయి ప్లాస్టిక్ బంతి వచ్చింది, తిప్పుడు తగ్గింది. ప్రతిసారీ కాళ్ళు, నడుం ఇంకాస్త ఎక్కువ వాడాల్సి వచ్చింది. మన తెలుగింటివాడు ఆచంట శరత్ కమల్ ఈ గ్లూ మార్పునీ, ప్లాస్టిక్ మార్పునీ తట్టుకుని, 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో సింగిల్స్ స్వర్ణం గెలిచాడు, అప్పటికి అతనికి నలభై ఏళ్ళు. అక్కడే హైదరాబాద్ అమ్మాయి ఆకుల శ్రీజతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం కూడా గెలిచాడు. మీరు ఒకటి చెయ్యండి సార్. మ్యాచ్ ఆడే రోజు కొత్త స్ట్రోక్ ప్రయత్నించకండి, గెలవాలన్న కోరిక పాతదాన్నే లాక్కొస్తుంది. క్లబ్బుకి వెళ్ళగానే బట్టలు మార్చుకుని, టేబులు ఖాళీ అయ్యేలోపు నెమ్మదిగా షాడో చెయ్యండి. కొన్ని నెలలు ఓపిక పట్టాలి. పిల్లల కన్నా పెద్దవాళ్ళకి ఎక్కువ కాలం పడుతుంది, ఎందుకంటే ముందున్నది చెరపాలి.

ఎవరు బాబూ? పింపుల్స్ రబ్బరు, అంటే పైన బుడిపెలున్న రబ్బరు, వాడేవాళ్ళు షాడో చెయ్యాలా అంటున్నావా? చెయ్యాలి, కానీ ఊపు వేరు. పొడుగు పింపుల్స్‌తో గీరడం తక్కువ, ముందుకి నొక్కడం, కిందకి కొయ్యడం ఎక్కువ. దాంతోపాటు బ్యాటుని చేతిలో తిప్పి వైపు మార్చడం కూడా నేర్చుకోవాలి. మన దేశపు క్రీడాకారిణి మనికా బత్రా ఆట చూస్తే తెలుస్తుంది, పాయింటు మధ్యలో ఏ వైపుతో కొడుతుందో ఎదుటివాళ్ళకి అంతు చిక్కదు. బ్యాటు తిప్పడం టీవీ చూస్తూ కూడా చెయ్యొచ్చు. కళ్ళు బ్యాటు మీద పడకుండా తిప్పగలిగేదాకా చెయ్యి.

ఇంకొక్క ప్రశ్న తీసుకుంటాను. చెప్పు తల్లీ. నీది ఎడమచేతి వాటమా? సార్ కుడి చేత్తో చూపిస్తే అర్థం కావట్లేదా? నిజమే, నువ్వు అడగడం మంచిదైంది. నా పక్కన నిలబడి నన్ను చూడకు, నాకు ఎదురుగా నిలబడి చూడు. అప్పుడు నా కుడి చెయ్యి నీ ఎడమ చేతికి సరిగ్గా ఎదురుగా వస్తుంది, అద్దంలో చూసుకున్నట్టే చేసుకుంటూ పోవచ్చు. నీ ఎడమ పాదం సగం పాదం వెనక ఉండాలి. చెప్పులు పెట్టుకుని చేసే అడుగులు కూడా కుడి వైపు నుంచి మొదలుపెట్టు. శిబిరంలో నీలాంటివాళ్ళు ఇంకో ఇద్దరు ఉన్నారు. రేపటి నుంచి మీ ముగ్గురినీ కుడిచేతివాళ్ళకి ఎదురు వరసలో నిలబెడతాను, ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటూ చెయ్యండి.